ఆటోసోమల్ ఎస్‌టీఆరా, వై-ఎస్‌టీఆరా? సిరొంచ గూడేల్లో డీఎన్ఏ గుర్తింపు

ఎస్‌టీఆర్ అంటే డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలు; వాటి సంఖ్య మనిషి మనిషికీ మారుతుంది. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ వైపు గోండు, కోయ గూడేల్లో మనిషిని గుర్తించాలంటే ముందు ఆటోసోమల్ ఎస్‌టీఆర్‌నే (లింగ క్రోమోజోములు కాని వాటిలోని ముక్కలనే) నమ్మాలి. సుమారు 1 నానోగ్రాము డీఎన్ఏ చాలు. తల్లి వాటా, తండ్రి వాటా రెండూ కనిపిస్తాయి. అయితే చిన్న జనాభాలో, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చోట, సరిపోలిక లెక్కలో థీటా (జనంలో ఉన్న దగ్గరి బంధుత్వానికి వేసే సవరణ అంకె) 0.01 బదులు 0.03 వేయాలి. అది మరిస్తే సాక్ష్యం ఉన్నదానికన్నా బలంగా కనబడి అమాయకుడు ఇరుక్కుంటాడు.

అత్యాచార కేసుల్లో, స్త్రీ కణాల మధ్య మగవాడి జాడ పట్టడానికి వై-ఎస్‌టీఆరే (మగవాళ్లకే ఉండే వై క్రోమోజోములోని ముక్కలే) మేలు. కానీ తండ్రికీ, కొడుక్కీ, బాబాయికీ సాధారణంగా అది ఒకటే. ఒకే గోత్రం వాళ్లున్న గూడెంలో వంశం దొరుకుతుంది, మనిషి దొరకడు. అనుమానితుడు ఆ మనిషి కాదని తేల్చడానికే అది గట్టిది.

సాక్ష్యంగా దొరికిన తడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే రెండు పరీక్షలూ పాడవుతాయి: బూజు పట్టి, డీఎన్ఏలో పొడవాటి ముక్కలు ముందు తెగిపోతాయి. నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టండి.