డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్: ఎన్నో బృందాలు చెదిరిన తర్వాత రాస్తున్న సమీక్ష

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట: ఒక్కొక్క ఆటగాడు ఒక సాహసి పాత్ర ధరిస్తాడు, డంజియన్ మాస్టర్ కథను నడుపుతాడు, ఏం జరిగిందో పాచికలు తేలుస్తాయి. దాని ఐదో ఎడిషన్ 2014లో వెలువడింది. అదే ఏడాది కొత్తవారి కోసం వచ్చిన స్టార్టర్ సెట్ పెట్టెతో మొదలుపెట్టి, తర్వాత ఆటగాళ్ళ పుస్తకం, డంజియన్ మాస్టర్ మార్గదర్శి, రాక్షసుల పుస్తకం సమకూర్చుకుని, హైదరాబాదులో కొన్నేళ్ళుగా ఆటగాడిగానూ డంజియన్ మాస్టర్‌గానూ దీన్ని ఆడుతున్నాను. నియమాలు ఎంత సులువు, బొమ్మలు ఎంత బాగున్నాయి అన్న విషయాల మీద సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. పెట్టె విప్పిన మొదటి నెలలో తెలియని సంగతి ఒకటుంది. ఈ ఆట ఆడే బృందాలు ఎలా చెదిరిపోతాయి, అందులో నియమావళి వాటా ఎంత అన్నదే ఆ సంగతి; ఈ సమీక్ష దానికే పరిమితం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆట చాలా మంచిది, కాని అది ఊహించుకున్న బృందం ఉద్యోగస్తులకు దొరకదు. పాత్రలు ఒకటో లెవెల్ నుంచి ఇరవయ్యో లెవెల్ దాకా ఎదగాలి; ఏ రాక్షసి ఎంత బలమైనదో చెప్పే చాలెంజ్ రేటింగ్‌కు నలుగురు సభ్యుల జట్టే కొలమానం. అంటే అదే నలుగురైదుగురు ఏళ్ళ తరబడి ఒకే బల్ల చుట్టూ చేరతారని పుస్తకం నమ్ముతుంది. పదిహేడో లెవెల్‌కు గాని మాంత్రికుడి చేతికి రాని 'విష్' మంత్రంతో ఏం కోరుకోవాలన్న దాని మీద మా బల్ల దగ్గర గంటల తరబడి వాదోపవాదాలు జరిగాయి గాని, దాన్ని ప్రయోగించే దాకా బతికిన బృందం ఒక్కటీ లేదు. స్టార్టర్ సెట్ కథ ఐదో లెవెల్ వరకే నడుస్తుంది, అక్కడికి చేరినవీ తక్కువే. ఆ కథ మొదట్లో దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చి పడి ఉంటాయి, పొదల్లో గాబ్లిన్లనే పొట్టి రాక్షస జీవులు మాటు వేసి ఉంటాయి. కొత్త బృందం కట్టిన ప్రతిసారీ ఆ గుర్రాలను చూస్తూనే ఉన్నాను. కథ చివర ఉన్న గుహను చూసింది మాత్రం అరుదు.

బృందాలు గొడవపడి విడిపోతాయని బయటివారు అనుకుంటారు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం చప్పుడు లేకుండా ఆగిపోయినవే. "అన్నా, ఈ శనివారం ఆఫీసులో రిలీజ్ ఉంది, నేను రాలేను" అని వాట్సాప్‌లో ఒక సందేశం వస్తుంది. ఒక్కరు లేకపోతే బాగుండదని ఆ వారం వాయిదా వేస్తారు. మరుసటి వారం ఇంకొకరి బావమరిది పెళ్ళి. ఆ తర్వాత సంక్రాంతి వస్తుంది, నగరం సగం ఖాళీ అయి ఊళ్ళకు పోతుంది. మాఘమాసం ముహూర్తాలు ముగిసేసరికి కథలో తాము ఎవరిని వెతుకుతున్నారో కూడా ఎవరికీ గుర్తుండదు. అప్పుడు "మళ్ళీ ఎప్పుడు కలుద్దాం?" అన్న ప్రశ్నకు ఒకరిద్దరు బొటనవేలి గుర్తు పెడతారు, తేదీ మాత్రం ఎవరూ చెప్పరు. ఆ గ్రూపు తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలకు పనికొస్తుంది. మియాపూర్ నుంచి ఒకరు, ఎల్బీనగర్ నుంచి ఇంకొకరు, ఉప్పల్ నుంచి మరొకరు గచ్చిబౌలికి వచ్చి ఆడే బృందంలో, ప్రయాణానికే రోజులో ఎంత భాగం పోతుందో నగరవాసులకు చెప్పనక్కరలేదు. మెట్రో రాయదుర్గం దాకా వచ్చాక కాస్త తేలికైంది గాని, మూడు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చే డంజియన్ మాస్టర్‌కు అక్కడి నుంచి ఆటో తప్పదు.

గైర్హాజరు గురించి మార్గదర్శి పుస్తకం మౌనంగా లేదు. రానివారి పాత్రలకు కూడా, లెవెల్ పెరగడానికి కావలసిన అవే అనుభవ పాయింట్లు ఇవ్వవచ్చునని, ఉచితంగా పాయింట్లు వస్తాయి కదా అని ఆట మానుకునేవారు తక్కువేనని అందులో ఉంది. ఇది మంచి సలహా, మేము పాటించాము కూడా. అయితే పాయింట్లు సమానమైనా కథ సమానం కాదు. రెండు వారాలు రానివాడికి ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేశారో తెలియదు, అడగడానికి మొహమాటం, మూడోసారి రావడానికి బద్ధకం.

నియమావళి నేరుగా బృందాన్ని చెడగొట్టే చోటు మరొకటి ఉంది, దాన్ని గురించి తగినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. ఒక సాహస దినంలో, అంటే కథలో గడిచే ఒక రోజులో, జట్టు మధ్యస్థంగానో కఠినంగానో ఉండే పోరాటాలను ఆరు నుంచి ఎనిమిది దాకా తట్టుకోగలదని 2014 మార్గదర్శి లెక్క కట్టింది. మాంత్రికుడి మంత్రాలు ఎనిమిది గంటల దీర్ఘ విశ్రాంతి తర్వాతే పూర్తిగా తిరిగి వస్తాయి, వార్‌లాక్‌కు (అతీత శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందిన పాత్ర), యోధుడికి గంటసేపటి చిన్న విశ్రాంతి చాలు. రోజుకు ఆరేడు పోరాటాలుంటే ఈ తూకం సరిపోతుంది. కాని శనివారం సాయంత్రం దొరికే మూడున్నర గంటల్లో, చాయ్‌కీ ఉస్మానియా బిస్కెట్లకూ పోను, ఒక్క పోరాటం పూర్తయితే గొప్ప. కథ సాగాలి కనుక దాని తర్వాత పాత్రలన్నీ పడుకుని లేస్తాయి. ఫలితంగా మాంత్రికుడు రోజు మొత్తానికి దాచుకోవలసిన మందుగుండంతా ఒక్క పోరాటంలో కుమ్మరిస్తాడు. మా బల్ల దగ్గర ఒకసారి వరుస ఇలా నడిచింది: మాంత్రికుడి ఆటగాడు ఫైర్‌బాల్ వేసి ఎనిమిది పాచికలు దొర్లించి మొత్తం కూడాడు, గుహలోని గాబ్లిన్లన్నీ బూడిదయ్యాయి. తన వంతు కోసం ఓపికగా కూర్చున్న యోధుడి ఆటగాడు చేతిలోని ఇరవై ముఖాల పాచికను బల్ల మీద పెట్టి, "ఇక నేను కొట్టడానికి ఏం మిగిలింది మావా?" అన్నాడు. అందరం నవ్వాము, అతనూ నవ్వాడు. అలాంటి సాయంత్రాలు మరికొన్ని గడిచాక, ఆఫీసులో పని పెరిగిందని చెప్పి రావడం మానేశాడు. పని పెరిగిన మాట నిజమే కావచ్చు. మాంత్రికుడి ఆటగాడికీ అదే ఆఫీసు, అతను వస్తూనే ఉన్నాడు.

డంజియన్ మాస్టర్ మీద పడే భారం రెండో పెద్ద కారణం. మిగతావారు పాత్రను తెచ్చుకుని కూర్చుంటే చాలు. అతను పటాలు గీయాలి, రాక్షసుల సంఖ్యలు రాసుకోవాలి, ఊరి పెద్దకూ దుకాణదారుకూ గొంతులు సిద్ధం చేసుకోవాలి, చాలాసార్లు ఇల్లు కూడా తనదే ఇవ్వాలి. అతనికి విదేశంలో ఆన్‌సైట్ ఉద్యోగావకాశం రాగానే బృందం ఆ రోజుతో సరి, ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చోవడం ఇంకెవరూ నేర్చుకోలేదు. మార్గదర్శి పుస్తకం ప్రపంచాన్ని ఎలా సృష్టించాలో వివరంగా చెబుతుంది, పనిని ఎలా పంచుకోవాలో మాత్రం పెద్దగా పట్టించుకోదు.

నిజంగా గొడవపడి విడిపోయిన బృందంలో కారణం దొంగ పాత్ర. ఆ ఆటగాడు తోటి పాత్రల సంచుల్లోంచే బంగారం కాజేస్తూ, "మా వాడు దొంగ బ్రో, దొంగతనం చేయక ఏం చేస్తాడు?" అనేవాడు. పూజారి పాత్ర వేసిన అమ్మాయి, "నేను ఆడుకోవడానికి వచ్చాను, వారమంతా నా సంచి కాపలా కాయడానికి కాదు" అని తన పాత్ర కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఎలాంటి కథ కావాలి, దేన్ని సహించము అన్నవి ముందే మాట్లాడుకునే 'సెషన్ జీరో'ను 2020లో వచ్చిన 'తాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' అనే అనుబంధ నియమాల పుస్తకంలో చేర్చారు. ఆ కొద్ది పేజీలు నాకు కొత్త మంత్రాలన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

అదే 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఆన్‌లైన్‌కు, అంటే మాట్లాడుకోవడానికి డిస్కార్డ్‌కు, పటాలకూ పాచికలకూ రోల్20కి మారాము. డాలస్‌లో స్థిరపడిన పాత మిత్రుడు తిరిగి చేరడం దాని పుణ్యమే: అక్కడ శనివారం రాత్రి తొమ్మిది, ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర. నవంబరులో అమెరికా గడియారం గంట వెనక్కి జరగగానే అది ఎనిమిదిన్నర అయింది, ఇక్కడివారి ఇళ్ళలో టిఫిన్లు, పిల్లల డ్రాయింగ్ క్లాసులు మొదలయ్యే వేళ అది. ఆ ఒక్క గంటకే బృందం సగమైంది. ఇంకొక మార్పు కూడా గమనించాను. తెలుగు రాని ఒకరిద్దరు చేరాక ఆట ఇంగ్లీషులోకి మారింది; అప్పటిదాకా బేగంబజార్ సేటులా బేరమాడిన గాబ్లిన్ వ్యాపారి వట్టి ధరలు చదివేవాడైపోయాడు, హాస్యం పండించే ఇద్దరు మైకులు ఆపుకుని కూర్చున్నారు. తప్పు కొత్తవారిది కాదు, అయినా ఆ ఇద్దరూ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇన్ని చూశాక నా దగ్గర నిలిచిన పద్ధతి ఆటల రూపకర్త బెన్ రాబిన్స్ 'వెస్ట్ మార్చెస్' పేరుతో నడిపిన క్యాంపెయిన్ (అనేక సెషన్ల పాటు సాగే ఆట) నుంచి తీసుకున్నది. అందులో స్థిరమైన రోజు లేదు, స్థిరమైన జట్టు లేదు. పెద్ద గుంపులోంచి ఎవరికి కుదిరితే వారు తేదీ పెట్టుకుని, ఎక్కడికి పోవాలో తామే నిర్ణయించుకుని వస్తారు. సెషన్ ముగిసేసరికి పాత్రలన్నీ ఊరికి తిరిగి చేరాలి. దీనివల్ల రానివాడి పాత్ర ఊళ్ళోనే ఉంది అనుకుంటే సరిపోతుంది, ఎవరి కోసమూ ఆట ఆగదు. పోగొట్టుకునేదీ ఉంది: సుదీర్ఘమైన కథ, ఒక పాత్ర తన తండ్రిని చంపినవాడిని ఏళ్ళ తర్వాత ఎదుర్కొనే ఘట్టం, ఇందులో అంత బాగా పండవు. అవి కావలసినవారు నాలుగైదు వారాల్లో ముగిసే కథను ముందే ముగింపు చెప్పి మొదలుపెట్టడం మేలు.

కొనేవారికి ఒక మాట. బేసిక్ నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, ఎస్ఆర్‌డీ 5.1 అనే నియమాల సంపుటి కూడా 2023 జనవరి నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందుబాటులో ఉంది. వాటితో, ఒక పాచికల సెట్టుతో మొదటి కొన్ని నెలలు హాయిగా గడిచిపోతాయి. ఇరవయ్యో లెవెల్ దాకా సాగే భారీ సాహస గ్రంథాలను ఆ తర్వాత కూడా తొందరపడి కొనవద్దు. 2024లో సవరించిన ఆటగాళ్ళ పుస్తకం వచ్చింది, బాగుంది కూడా. కాని ఒకే బల్ల మీద పాతదీ కొత్తదీ కలిస్తే చిక్కు. పాత పుస్తకంలో 'క్యూర్ వూండ్స్' మంత్రం మొదటి స్థాయిలో ఒక ఎనిమిది ముఖాల పాచికంత గాయం మాన్పుతుంది, కొత్తదానిలో రెండు పాచికలంత. ప్రాణం పోయే వేళ ఏ పుస్తకం చెల్లుతుందని వాదించుకోవడం కంటే, డబ్బు కట్టే ముందే మిగతావారు ఏది వాడుతున్నారో అడిగి అదే కొనండి.