విజయవాడ–సింగపూర్ డైరెక్ట్ ఫ్లైట్: అప్పటి ఆర్నెల్లు, ఇప్పటి రెండు ప్రయాణాలు

సింగపూర్ వచ్చి పదమూడేళ్లయింది. మాది తెనాలి. ఏడాదికి రెండుసార్లయినా ఊరికి వెళ్తాను, మధ్యలో అమ్మ వచ్చి కొన్నాళ్లుండి వెళ్తుంది. ఈ దారిలో ఉన్న విమానాలన్నీ మా ఇంటివాళ్లం ఎక్కి చూసినవే. అందుకే ఒక్క ప్రయాణం గురించి కాకుండా మొత్తం రూటు గురించే రాస్తున్నాను.

మొదట్లో చెన్నై మీదుగా వెళ్లేవాళ్లం. విమానం దిగి సెంట్రల్‌కి పరిగెత్తి పినాకిని రైలు పట్టుకుంటే రాత్రికి తెనాలి. గాల్లో నాలుగు గంటలు, నేల మీద అంతకు రెట్టింపు. వైజాగ్ మీదుగా అయితే రాత్రి దిగి, చుట్టాలింట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం రత్నాచల్ రైలు ఎక్కాలి. విజయవాడ చేరేసరికి పొద్దు గూకేది.

2018 డిసెంబరు 4న ఇండిగో విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరం నుంచి నేరుగా సింగపూర్‌కి సర్వీసు మొదలుపెట్టింది. గన్నవరానికి అంతర్జాతీయ హోదా 2017లోనే వచ్చినా, విదేశానికి రెగ్యులర్‌గా నడిచిన మొదటి విమానం ఇదే. వారానికి రెండు రోజులు.

ఆ సంక్రాంతి ముందు వారం, కోడలికి నెలలు నిండుతున్నాయని అమ్మ పండగ వదులుకుని ఒక్కతే వచ్చింది. అన్నయ్య గన్నవరంలో దించాడు, నేను సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగిలో చెయ్యి పట్టుకున్నాను. మధ్యలో ఎక్కడా దిగి ఎక్కే పని లేదు, దారి అడగాల్సిన పనీ లేదు. తువ్వాల్లో చుట్టిన ఆవకాయ సీసా ఒడిలో పెట్టుకుని కార్లో కూర్చుని, "మూడు సీట్లూ నావేరా, కాళ్లు చాపుకుని పడుకున్నాను" అంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఆ మాట విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ ఖాళీ సీట్ల సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. పండగ ముందు ఊరికి వెళ్లే విమానం కిక్కిరిసి ఉంటుంది, తిరిగొచ్చేది ఖాళీగా వస్తుంది. పండగ అయ్యాక ఇది తిరగబడుతుంది. మనకి కనిపించేది మనం ఎక్కిన నిండు విమానం. కంపెనీ లెక్క వేసుకునేది మాత్రం రానూపోనూ రెండు వైపులా, అదీ ఏడాది పొడుగునా. మార్చిలో ఒక మంగళవారం ఎంతమంది ఎక్కారన్నది దానికి సంక్రాంతి రద్దీ కంటే ముఖ్యం.

ఈ సర్వీసు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ మీద మొదలైంది. అంటే టికెట్ల ఆదాయం అనుకున్నంత రాకపోతే ఆ లోటు ప్రభుత్వం కడుతుంది. ఆ ఏర్పాటు ఆర్నెల్లకే. 2019 జూన్ ఆఖరుకి అదీ అయిపోయింది, విమానమూ ఆగిపోయింది. బాబును మొదటిసారి ఊరికి తీసుకెళ్దామని జులైకి టికెట్లు కొనిపెట్టుకున్నాం. ఆ డబ్బు వెనక్కి రావడానికి, టికెట్లు కొన్న బుకింగ్ సైట్‌కి రెండు నెలలపాటు మెయిళ్లు పెట్టాను. చివరికి ఐదు నెలల పిల్లాడిని ఎత్తుకుని మళ్లీ పినాకినిలోనే వెళ్లాం.

"జనం బాగానే ఎక్కారుగా, ఎందుకు ఆపేశారు?" అని ఇక్కడి తెలుగువాళ్లందరూ అడిగారు. నేనూ అడిగాను. తర్వాత మెల్లగా బోధపడింది. ఎంతమంది ఎక్కారన్న దానితో పాటు, ఎవరు ఎంత పెట్టి కొన్నారన్నదీ చూడాలి. నాలాంటివాళ్లం మూడు నెలల ముందే చవక టికెట్ చూసి కొనేస్తాం. చివరి నిమిషంలో ఎక్కువ పెట్టి కొనేది వ్యాపారం పని మీద తిరిగేవాళ్లు. వాళ్లకి వారానికి రెండు రోజుల విమానం పనికిరాదు. ఒకటి తప్పిపోతే రోజుల తరబడి ఆగాలి కదా. పైగా సింగపూర్ ఎయిర్‌లైన్స్ హైదరాబాద్‌లో ఎక్కించుకునే వాళ్లందరూ సింగపూర్‌లో ఆగరు, చాలామంది చాంగిలో మారి మెల్‌బోర్న్, సిడ్నీ పోతారు. ఆ ఆస్ట్రేలియా ప్రయాణికులూ సీట్లు నింపుతారు. చాంగి నుంచి ముందుకు సొంత విమానాలు లేని ఇండిగోకి మాత్రం సింగపూర్‌లో దిగేవాళ్లే దిక్కు.

ఇంకో మాట. సింగపూర్ వెళ్లి రావడానికి ఇండిగో వాడే ఎ320 విమానం ఎనిమిది గంటలు గాల్లోనే ఉండాలి. ఆ టైమ్‌లో అదే విమానం దేశంలో నాలుగైదు ట్రిప్పులు వేస్తుంది. కాబట్టి రూటుకి నష్టమే రానక్కర్లేదు, వేరేచోట ఇంకాస్త లాభం కనిపించినా విమానం అటు పోతుంది.

అలాగని ఆగిన రూటు చచ్చిపోయినట్టు కాదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. అప్పుడు వాడిన ఎ340-500 విమానానికి నాలుగు ఇంజన్లు, ఇంధనం విపరీతంగా తాగేది. తర్వాత మొత్తం 100 బిజినెస్ సీట్లు చేసి చూశారు. అయినా గిట్టక 2013 నవంబరులో ఆపేశారు. 2018 అక్టోబరులో, అంటే మన గన్నవరం సర్వీసుకి రెండు నెలల ముందు, రెండు ఇంజన్ల ఎ350తో మళ్లీ మొదలుపెట్టారు. ఊళ్లు అవే, దూరమూ అదే, విమానం మారేసరికి లెక్క కుదిరింది. వైజాగ్‌లో ఇంకో దారి చూశారు. 2019 అక్టోబరులో వైజాగ్–సింగపూర్ రూటుని సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపులోని సిల్క్ ఎయిర్ నుంచి అదే గ్రూపులోని చవక సంస్థ స్కూట్‌కి అప్పజెప్పారు. భోజనం పోయింది, విమానం మిగిలింది. నాకైతే అదే మేలు.

ప్రజల డబ్బు పెట్టినప్పుడు లెక్క అడగాల్సిందే. కానీ ఆర్నెల్లలో తేల్చేయడం తొందరపాటని నా గట్టి అభిప్రాయం. ఇలాంటి విమానం ఒకటుందని అన్ని పల్లెలకీ తెలియడానికే ఏడాది పడుతుంది. రెండు మూడేళ్లకి మాట ఇచ్చి, సాయం ఏటా కొంత తగ్గించుకుంటూ వచ్చి ఉంటే రూటు తన కాళ్ల మీద నిలబడేదో లేదో నిజంగా తేలేది.

2025 నవంబరు 15న ఇండిగో ఈ సర్వీసు మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి వారానికి మూడు రోజులు. ఇప్పటికి రెండుసార్లు ఎక్కాను. ఆ మూడో రోజు వల్ల చాలా తేడా వచ్చింది, శనివారం ఉండటంతో నాకు ఒక రోజు లీవు మిగిలింది. విమానం మామూలే, ఇరుకు సీట్లు. నాలుగు గంటలకి పర్వాలేదు. టికెట్ మాత్రం నేరుగా కంపెనీ దగ్గరే కొనండి, ఏదైనా తేడా వస్తే అడగడానికి మధ్యలో ఇంకొకరు ఉండరు.

ఫిబ్రవరి చివరి వారానికి అమ్మకి టికెట్ తీశాను. పండగా లేదు, పిల్లలకి సెలవులూ లేవు. చెన్నై మీదుగా అయితే కాస్త తక్కువలో వచ్చేది. గన్నవరం నుంచే తీశాను, రానూపోనూ.