విశాఖ బీచ్ రోడ్డు ఒక్క రోజులో: భీమిలిలో మొదలుపెట్టండి

కుటుంబంతో విశాఖపట్నం వచ్చేవాళ్లు దాదాపు అందరూ రోజును ఆర్‌.కే. బీచ్‌లోనే మొదలుపెడతారు. స్టేషన్‌కి దగ్గర, పేరు తెలిసిన చోటు. కానీ పది గంటలయ్యేసరికి ఇసుక కాలుతుంటుంది, పిల్లలు నీళ్లు వదిలి రారు, పెద్దవాళ్లకు నీడ దొరకదు. మధ్యాహ్నం తిండి ఆలస్యమవుతుంది. బీచ్ రోడ్డు అవతలి చివరనున్న భీమిలి చేరేసరికి పొద్దు వాలిపోతుంది, అక్కడ చూడాల్సింది చీకట్లో కనబడదు. ఇదే దారిని తిరగేస్తే రోజు కుదుటపడుతుంది. పొద్దున్నే తిన్నగా భీమిలి వెళ్లి, అక్కడి నుంచి ఊరివైపు ఆగుతూ ఆగుతూ వచ్చి, సాయంత్రానికి ఆర్‌.కే. బీచ్‌లో దిగాలి. ఆ చివరి నుంచి ఈ చివరికి ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, దారి చాలావరకు సముద్రం పక్కనే సాగుతుంది.

దీనికి కారణం ఎండ. ఇది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి సూటిగా మొహం మీద కొడతాడు, సాయంత్రం నాలుగు దాటాక వీపు వెనక్కి, ఊరివైపుకి జారుకుంటాడు. ఫొటోలకు కూడా ఇదే లెక్క. పొద్దున సముద్రాన్ని వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లగా వస్తాయి, సాయంత్రం తీస్తే వెలుగు మొహం మీద పడుతుంది. సముద్రంలో సూర్యుడు మునగడం చూద్దామని సాయంత్రం కాచుకునేవాళ్లకు ఇక్కడ నిరాశే. చూడదగినది సూర్యోదయం. డిసెంబరులో ఆరున్నరకు కాస్త ముందు, మే నెలలో ఐదుంపావు దాటగానే. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి మొదలవుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

రోజు ఎంచుకునేటప్పుడు సోమవారం వద్దు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకీ, జూపార్కుకీ ఆ రోజు సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ సాయంత్రం బీచ్ రోడ్డులో బండి నిలపడానికే అరగంట పోతుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా మేలు. డిసెంబరు 4 నేవీ డే. విన్యాసాలు విశాఖలో జరిగే ఏడాదైతే ఆ రోజూ, రిహార్సల్స్ జరిగే ముందు రోజుల్లోనూ ఆర్‌.కే. బీచ్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. విన్యాసాలు చూడాలనుకునేవాళ్లు వాటికోసమే రావాలి, మిగతా యాత్రను దానికి కలపకూడదు. నెలల్లో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న, ఇక్కడే. వాయుగుండం అన్న మాట వినబడితే సముద్రం జోలికి పోకుండా తేదీ మార్చుకోండి.

అరకు, సింహాచలం ఇదే రోజులో ఇరికించాలని చూస్తారు. అరకు నూరు కిలోమీటర్ల పైమాట, అందులో ఘాట్ రోడ్డు కూడా ఉంది, దానికి ఒక రోజు పూర్తిగా కావాలి. సింహాచలం ఊరికి మరోవైపు ఉంది. దర్శనం క్యూ ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి దాన్ని మరుసటి రోజు పొద్దున పెట్టుకోండి.

బండి సంగతి. నలుగురు మించితే రోజంతటికీ కారు మాట్లాడుకోవడమే తెలివైన పని. భీమిలి, తొట్లకొండల దగ్గర యాప్‌లో తిరుగు కారు దొరకడం కష్టం, దొరికినా డ్రైవర్ అంతదూరం ఖాళీగా రావాలని రద్దు చేస్తాడు. మామూలు ప్యాకేజీ ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు. భీమిలి రానుపోను అరవై, కొండలెక్కడానికి, ఊళ్లో తిరగడానికి ఇంకో పదిహేను, అంటే కిలోమీటర్లు సరిపోతాయి, ఎనిమిది గంటలు మాత్రం ఈ రోజుకు చాలవు. పేచీ వచ్చేది మరోచోట. కొందరు కిలోమీటర్లను మీరు ఎక్కిన చోటు నుంచి కాక వాళ్ల షెడ్డు నుంచి షెడ్డుకి లెక్కగడతారు. గంటలూ అలాగే. ఎక్కేముందే ఈ ఒక్క ప్రశ్న అడిగి, మీటరు రీడింగ్ ఫొటో తీసుకోండి. పార్కింగ్ టికెట్లు ఎవరివో కూడా అప్పుడే తేల్చుకోండి. మధ్యాహ్నం మూడు గంటలు గదిలో పడుకునేటట్టయితే పూటకో బండి విడిగా మాట్లాడుకోవడం చవక. ఇద్దరు ముగ్గురే అయితే ఆర్టీసీ 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంది, పొద్దున్నే కిటికీ సీటు దొరుకుతుంది. 2025 ఆగస్టులో ఆర్‌.కే. బీచ్, తొట్లకొండల మధ్య డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. పిల్లలకు పైఅంతస్తు సంబరంగా ఉంటుంది గానీ భీమిలి దాకా పోవు.

ఆరు గంటలకు బయల్దేరితే ఏడు లోపే భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, పొద్దున వేట నుంచి తిరిగొచ్చే పడవలు, ఇవన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. గంటంపావు చాలు. నది కలిసేచోట నీళ్లు నిదానంగా కనిపించినా దిగొద్దు. నది తోసుకొచ్చే నీరు, సముద్రపు పోటు ఒకదానికొకటి ఎదురుపడే చోటు అది, అడుగున ఇసుక రోజుకో తీరుగా ఉంటుంది. టిఫిన్ ఇక్కడే చేసి, మరుగుదొడ్డి పని కూడా హోటల్లోనే ముగించుకోండి. తర్వాతి రెండు చోట్లా ఆ సౌకర్యాన్ని నమ్ముకోలేం.

వెనక్కి వస్తుంటే ఎర్రమట్టి దిబ్బలు. చివరి మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోగేసింది, వానలు దాన్ని కోసి గల్లీల్లాంటి లోతు దారులు చేశాయి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. తొమ్మిదిలోపు వెళ్తే గల్లీల్లో నీడ ఉంటుంది, పది దాటితే వేడి కింద నుంచి కొడుతుంది. అంచుల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి, మట్టి గట్టిగా కనిపిస్తుంది గానీ విరిగి పడుతుంది. పైగా ఒక్కో అడుగుకీ ఆ దిబ్బ కొంచెం కొంచెం కరుగుతోంది. మట్టి సీసాలో పట్టుకెళ్లడం ఇక్కడ నేరం లాంటిదే అనుకోండి. తెల్లబట్టలు వేసుకోవద్దు, ఆ ఎరుపు ఒక ఉతుకుకు పోదు.

ఆ తర్వాత తొట్లకొండ, రుషికొండ. రెంటిలో ఒకటే ఎంచుకోమని సలహా. తొట్లకొండ 128 మీటర్ల ఎత్తున ఉన్న బౌద్ధ ఆరామం. నౌకాదళం సర్వేలో బయటపడింది, 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిగాయి. స్తూపం, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. పైదాకా రోడ్డుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ రావచ్చు. బడి చదువులో బౌద్ధం వచ్చిన పిల్లలకు ఇది నచ్చుతుంది, ఐదేళ్ల లోపువాళ్లకు పునాదిరాళ్లలో చూసేదేమీ ఉండదు. వాళ్లుంటే రుషికొండకే వెళ్లండి.

స్నానానికి ఈ తీరంలో నమ్మదగినది రుషికొండే. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది. 2025లో నిర్వహణ లోపాల వల్ల కొన్నాళ్లు ఆ గుర్తింపు పోయి మళ్లీ వచ్చింది. అందుకని వెళ్లగానే బట్టలు మార్చుకునే గదులూ, షవర్లూ పనిచేస్తున్నాయో లేదో ముందు చూసి, ఆ తర్వాతే పిల్లల్ని తడవనివ్వండి. లైఫ్‌గార్డులు ఉండే హద్దు దాటకూడదు. ఆర్‌.కే. బీచ్‌లో మాత్రం కాళ్లు తడుపుకోవడమే, స్నానం వద్దు. అక్కడ ఒడ్డు వాలు ఎక్కువ. నాలుగడుగులు వేసేసరికి లోతు పెరుగుతుంది, వెనక్కి మళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. యారాడ బీచ్ చూడటానికి అందంగానే ఉంటుంది, అక్కడా ఇదే మాట.

అలలు విరుగుతున్న వరుసలో ఒకచోట మాత్రం నురుగు లేకుండా, నీళ్లు మట్టిరంగులో ప్రశాంతంగా కనిపిస్తే అది రిప్ కరెంట్. ఈత రానివాళ్లు భయం లేదని ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదితే అలసిపోవడం తప్ప లాభం లేదు. తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, అలలు విరిగే చోటు నుంచి రావాలి. కాపాడటానికి ఇంకొకరు దూకకూడదు, ఖాళీ నీళ్ల డబ్బా మూత బిగించి విసరడం మేలు. జెల్లీఫిష్ తగిలి మండితే మంచినీళ్లు పోయకండి, సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని గీకకుండా చిన్న పట్టకారుతో తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, వాపు పెరిగినా వెంటనే ఆస్పత్రికి.

పన్నెండు నుంచి మూడు దాకా ఏమీ పెట్టుకోకండి. ఊళ్లోకి వచ్చి భోజనం, నిద్ర. ఈ మూడు గంటలు మిగుల్చుకున్న కుటుంబానికే సాయంత్రం దక్కుతుంది. రాత్రి బండిలో తెల్లారి దిగి రాత్రికే వెళ్లిపోయేవాళ్లు కూడా పగటికి ఒక గది తీసుకోవడం మంచిది, ఇసుక కడుక్కోవడానికైనా. గది ఎక్కడన్నది ముఖ్యం. ద్వారకానగర్, ఆసీల్‌మెట్ట వైపు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, భోజన హోటళ్లు నడిచే దూరం, ధర అందుబాటు, సముద్రం కనబడదు. బీచ్ రోడ్డులో సముద్రం కనబడే గదికి ఎక్కువ పెట్టాలి, ఒక్క పగటికి దండగ. రుషికొండ వైపు ప్రశాంతం, కానీ పసిపిల్లకు జ్వరం వస్తే రాత్రి మందుల షాపు దూరం.

మూడున్నరకు కైలాసగిరి. రోప్‌వేలో ఎక్కండి, కారును పైకి పంపి అందులో దిగండి. తిరుగు క్యూ తప్పుతుంది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, పిల్లలకు ముందే ఆశ పెట్టకండి. శివపార్వతుల విగ్రహం దగ్గర గుంపును వదిలి అంచుకు వస్తే తీరం మొత్తం కనిపిస్తుంది, పొద్దున తిరిగిన దారిని పిల్లలకు చూపించవచ్చు.

చీకటి పడ్డాక కురుసుర. లోపలే కాబట్టి వెలుతురుతో పనిలేదు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరుచుకుంది. పొడవు 91 మీటర్లు, 22 టార్పెడోలు మోసేది. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాలు, ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, రెండో కాలు ఎత్తాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు బయటే ఉండటం మంచిది, చీర కొంగు, చున్నీ లోపలికి దోపుకోండి. చంటిపిల్లను ఎత్తుకుని ఆ ద్వారంలో దూరితే తల తగులుతుంది. ముందు ఒకరు దాటి, అవతలి నుంచి అందుకోవాలి. గైడు చెప్పేది ఆగి వినండి, వినకపోతే అంతా గొట్టాలూ చక్రాలూగానే కనిపిస్తుంది. లోపలికి రాలేనివాళ్లకు రోడ్డు అవతల నౌకాదళపు పాత నిఘా విమానం టీయూ-142 ఉంది, అదీ మ్యూజియమే. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు ప్రమాదం లేకుండా ఎగిరిన రకం అది, అక్కడి గదుల్లో నడక తేలిక.

చివర్న ఆర్‌.కే. బీచ్‌లో గంటసేపు. మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్), కాల్చిన మొక్కజొన్న పొత్తు నిశ్చింతగా తినవచ్చు. చేప వేపుడు తినాలనుకుంటే కళ్లముందు వేయించేదే తీసుకోండి, వేయించి పేర్చింది వద్దు. కట్ చేసి పెట్టిన పండ్లు పిల్లలకు పెట్టకండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పొద్దుటి నుంచే కారులో ఉండాలి. ఒక్కొక్కరికి ఒక జత అదనపు బట్టలు, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి, ఇసుక దులుపుకోవడానికి కాస్త పౌడరు. పొడి చర్మం మీద పౌడరు చల్లి రుద్దితే ఇసుక రాలిపోతుంది. రాత్రి బండికి స్టేషన్ నాలుగైదు కిలోమీటర్లే అయినా సాయంత్రం రద్దీలో నలభై నిమిషాలు చేతిలో పెట్టుకుని లేవండి.