నికాన్ నుంచి సోనీకి: పెళ్లి ఆల్బమ్‌లో నిజంగా మారిందేమిటి?

గోదావరి జిల్లాల్లో పెళ్లి ఫొటోలు తీయడం నా వృత్తి. 2015లో నికాన్ డి750 కెమెరా కొన్నాను, 2019లో సోనీ ఏ7 త్రీకి మారాను. ఇప్పటికీ రెండూ పనిచేస్తున్నాయి, ప్రతి పెళ్లికీ రెండూ వస్తాయి. నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిస్తే చాలు, నికాన్ గొప్పా, కెనాన్ గొప్పా, సోనీ గొప్పా అని వాదన మొదలవుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు ఆ మాటలు విని, అప్పు చేసి మరీ కెమెరా బాడీలు (లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటే) మారుస్తున్నారు. వాళ్లు ఆ అప్పు చేసేముందు ఇది చదివితే బాగుంటుందని రాస్తున్నాను.

ముందు సోనీలో బాగున్నవి. 2018లో వచ్చిన ఈ కెమెరాకి 2019 ఏప్రిల్‌లో 3.0 ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చారు. అప్పటినుంచి షట్టర్ బటన్ సగం నొక్కితే చాలు, మనిషి కన్ను వెతికి పట్టుకుంటుంది. డి750లో 51 ఫోకస్ పాయింట్లు ఉన్నాయి కానీ అన్నీ ఫ్రేమ్ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. పెళ్లికూతుర్ని ఓ పక్కకి పెట్టి తీయాలంటే మధ్యలో ఫోకస్ చేసి, కెమెరా జరిపి నొక్కాలి. 85 ఎంఎం లెన్స్ అపర్చర్ 1.8 దగ్గర, అంటే బాగా తెరిచి పెట్టి తీస్తే ఆ కాస్త జరపడంలోనే ఫోకస్ కంటి మీదనుంచి చెంపస్వరాల మీదకి పోతుంది. మా వైపు చాలా ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకే. పొద్దున మంగళస్నానాల దగ్గరనుంచి నిలబడ్డ మనిషికి ఆ వేళకి చేతులు వణుకుతాయి. అలాంటప్పుడు ఈ ఐ ఫోకస్ చేసే మేలు చిన్నది కాదు.

బాగాలేనివీ చెప్పాలి. గ్రిప్ పొట్టిగా ఉంటుంది, చిటికెన వేలికి చోటుండదు. బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ 650 గ్రాములే, అదే లెక్కన డి750 కంటే 190 గ్రాములు తక్కువ. కానీ 70-200 లాంటి బరువైన లెన్స్ తగిలిస్తే పట్టు చాలక తెల్లారేసరికి మణికట్టు లాగేస్తుంది. మెనూలో ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి, అందుకే కావాల్సినవన్నీ కస్టమ్ బటన్లకి పెట్టేసుకున్నాను. వెనక స్క్రీన్ డి750 స్క్రీన్ అంత స్పష్టంగా ఉండదు, ఫోకస్ సరిపోయిందో లేదో వ్యూఫైండర్‌లోనే జూమ్ చేసి చూసుకుంటాను. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 710 ఫొటోలు, డి750కి 1,230. పెళ్లి పనిలో తేడా అంత కనిపించదు కానీ, సోనీకి అదనపు బ్యాటరీ లేకుండా నేను ఇల్లు దాటను.

రెండూ 24 మెగాపిక్సెల్సే. మన కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలు పేజీల మీదే అచ్చువేసే పెళ్లి ఆల్బమ్) షీటు మామూలుగా 12×36 అంగుళాలు, అంటే ఒక పేజీ 12×18. ఈ కెమెరాల ఫొటో 6000×4000 పిక్సెల్స్. పేజీ నిండా వేసినా అంగుళానికి 333 పిక్సెల్స్ వస్తాయి. ప్రింటింగ్‌కి 300 చాలు. అంతకుమించిన మెగాపిక్సెల్స్ హార్డ్ డిస్కులు నింపడానికే.

ఇక అసలు సంగతి. ముహూర్తానికి వధూవరులు మధుపర్కాలు కట్టుకుని కూర్చుంటారు. ఫ్రేమ్ నిండా తెల్ల బట్టలే. అంత తెలుపు చూడగానే ఏ కంపెనీ కెమెరాలోనైనా వెలుతురు కొలిచే మీటరు, వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. పోనీ అని మరీ పెంచితే ముఖాలు బాగుంటాయి, బట్ట మాత్రం సున్నం కొట్టినట్టు అయిపోయి నేత పోగులు కనిపించవు. వాళ్లని పీటల మీద కూర్చోబెట్టగానే నేను ముఖానికి, బట్టకి మధ్య ఎక్కడ ఆగాలో చూసుకుని మాన్యువల్‌లో పెట్టేస్తాను, తెర దించేదాకా మార్చను. నికాన్‌లో చేసిందీ అదే, సోనీలో చేస్తున్నదీ అదే.

జీలకర్ర బెల్లం దగ్గర ఇంకా ముఖ్యం. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టినప్పుడు ఎదురుగా నిలబడ్డవాడికి మోచేతులే దొరుకుతాయి. పెళ్లికొడుకు భుజం వెనకగా నిలబడితే, అడ్డుతెర దిగిన క్షణాన పెళ్లికూతురు కళ్లెత్తి చూడటం దొరుకుతుంది. ఆ చోటు ముందే పట్టుకోవాలి. "పంతులుగారూ, తెర దించేముందు ఒక్కసారి నా వైపు చూడండి" అని ముందే అడిగిపెట్టుకోవాలి. చుట్టూ మేనత్తలు, పిన్నులు తొంగి చూస్తుంటే ఐ ఫోకస్ ఎవరి కన్ను పట్టుకుంటుందో చెప్పలేం, నేనైతే అక్కడ ఫోకస్ పాయింట్ చేత్తోనే పెట్టుకుంటాను.

లైట్ల సంగతి మరీనూ. మండపానికి గులాబీ, ఊదా రంగు పార్ లైట్లు (స్టేజీలకి వాడే రంగు లైట్లు) పెడుతున్నారు. ఆ ఊదారంగు పసుపు రాసిన ముఖం మీద పడితే ఏ కంపెనీ వైట్ బ్యాలెన్సూ (లైటు రంగుని సరిచేసే సెట్టింగు) సరిచేయలేదు, ఎడిటింగ్‌లో గంటలు పోసినా చర్మం రంగు తిరిగి రాదు. లైట్లవాళ్ల దగ్గరికి వెళ్లి, "అన్నా, ముహూర్తం అయ్యేదాకా ఆ ముందు లైట్లు ఆపి తెల్లవి ఒక్కటే వెయ్యి" అని అడిగితే ఎవరూ కాదనరు. సోనీ రంగులు బాగుండవు, నికాన్ రంగులే బాగుంటాయి అనేవాళ్లు ఈ పని చేసి చూడాలి. మంత్రాలు వినబడే చోట సైలెంట్ షట్టర్ బాగుంటుంది కదా అని కొందరు ఎల్ఈడీల కింద కూడా అదే వాడతారు. ఫొటోలో అడ్డ చారలు వస్తాయి. అక్కడ మెకానికల్ షట్టర్ పెట్టి, 1/100 దగ్గర తీయడం మంచిది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లకి అది సరిపోతుంది.

ఒక పెళ్లిలో అప్పగింతల వేళ నేను సోనీతో ముందు ఉన్నాను. మా అసిస్టెంట్ కుర్రాడు పాత డి750కి 50 ఎంఎం తగిలించుకుని పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు. అందరూ పెళ్లికూతురి చుట్టూ ఉంటే, వాళ్ల నాన్నగారు అటు తిరిగి కండువా చివరతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. వాడు అది చూశాడు, తీశాడు. సెలెక్షన్‌లో పెళ్లికూతురు అన్నిటికంటే ముందు పట్టుకున్నది ఆ ఫొటోనే, ఫ్రేమ్ కట్టించమంది. అది ఏ కెమెరాతో తీశారని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. రెండు కెమెరాల ఫొటోలూ కలిపి ఆల్బమ్ చేస్తాను, ఏది దేనితో తీసిందో ఇప్పటిదాకా ఏ కస్టమరూ గుర్తుపట్టలేదు.

మరి నేనెందుకు మారాను? అభిమానం తగ్గి కాదు. 2018లో వచ్చిన నికాన్ జెడ్6కి, కెనాన్ ఈఓఎస్ ఆర్‌కి మెమొరీ కార్డు స్లాట్ ఒక్కటే. తాళి కట్టడం మళ్లీ జరగదు, ఒక కార్డు పోతే ఇంకోదానిలో ఉండాలి. ఏ7 త్రీలో రెండు స్లాట్లున్నాయి. రెండోది నెమ్మది, అయినా రెండింటిలో ఒకేసారి రాయిస్తాను. ఇంకోటి, నా దగ్గరున్న పాత నికాన్ డి రకం లెన్సులు, వాటిని జెడ్ కెమెరాలకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ చేయవు. ఎలాగూ లెన్సులు కొత్తవి కొనాలన్నప్పుడు నాకు నికాన్‌లోనే ఉండాల్సిన పని లేకపోయింది. అప్పటికే మా ఊళ్లో తోటి ఫొటోగ్రాఫర్లు ఎక్కువమంది సోనీ వాడుతున్నారు. ముహూర్తానికి ముందు ఏదైనా లెన్స్ పడిపోతే ఫోన్ చేసి తెచ్చుకోవచ్చు. మీ ఊళ్లో అందరూ కెనాన్ వాడుతుంటే కెనానే తీసుకోండి, ఏ సంకోచం వద్దు.

కస్టమర్లలో కొందరు, ముఖ్యంగా అమెరికానుంచి మాట్లాడేవాళ్లు, కొటేషన్ దగ్గరే ఏ కెమెరా అని అడుగుతారు. పేరు చెబుతాను. దాంతోపాటు ఒకే పెళ్లి ఆల్బమ్ మొదటి పేజీనుంచి చివరిదాకా చూపిస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏరి పెట్టిన ఫొటోలు చూసి మనిషి పని తేల్చలేం. అన్నవరం కొండ మీద, పక్కపక్కనే పెళ్లిళ్లు జరుగుతుంటే అడుగు వెనక్కి వేసే చోటు లేకుండా ఎలా తీశాడో చూస్తే తెలిసిపోతుంది.

ఏ7 త్రీ తర్వాత వచ్చిన ఏ7 ఫోర్‌కి ఎప్పుడు మారతావని తోటివాళ్లు అడుగుతున్నారు. ఈ ఆషాఢంలో రెండు బాడీలూ సర్వీసింగ్‌కి ఇస్తున్నాను. కొత్త బాడీకి పెట్టే డబ్బులో కొంతతో 35 ఎంఎం లెన్స్, ఇంకో ఫ్లాష్ కొని, మిగిలింది మా అసిస్టెంట్ జీతం పెంచడానికి వాడుతున్నాను.