గర్భిణులకు హెర్పిస్ ‘శాశ్వత నివారణ’ కిట్: వైజాగ్‌లో ఎవరూ కొనకండి

వైజాగ్‌లో కడుపుతో ఉన్నవాళ్లు, వాళ్ల భర్తలు దయచేసి ఇది చివరిదాకా చదవండి. హెర్పిస్ అంటే మర్మావయవాల దగ్గర పొక్కులు తెచ్చే, కలయికతో అంటుకునే వైరస్ జబ్బు. ‘హెర్పిస్‌ను సమూలంగా తీసేస్తాం, గర్భిణులకూ ఏ హానీ లేదు’ అని ఫోన్‌లో ప్రకటనలిచ్చి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక మేడమీద గదిలో కిట్లు అమ్ముతున్నారు. మా చెల్లికి ఎనిమిదో నెల నడుస్తుండగా మా మరిది రూ. 14,500 కట్టి ఒకటి కొన్నాడు. డబ్బు పోతే పోయింది. ఆ కిట్ అమ్మినవాడు ఇచ్చిన సలహా వల్ల బిడ్డకే ముప్పు వచ్చేది.

చెల్లికి ఈ సమస్య కొత్తది కాదు. పెళ్లయిన కొత్తల్లోనే వచ్చింది, అప్పుడప్పుడూ పొక్కులు వచ్చి తగ్గిపోతుంటాయి. గైనకాలజిస్ట్‌కు మొదట్లోనే చెప్పింది. ఆవిడ ఎంత నిదానంగా చెప్పారో! పాత ఇన్ఫెక్షన్ అయితే తల్లి ఒంట్లో ఆ వైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు తయారై ఉంటాయి, అవి మాయ గుండా బిడ్డకూ చేరతాయి, కాబట్టి బిడ్డకు సోకే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువట. అసలు భయం నెలలు నిండే సమయంలో మొదటిసారి అంటించుకున్నవాళ్లకే. వాళ్లలో బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 30 నుంచి 50 దాకా ఉంటుంది. అందుకే భర్తకు ఉండి భార్యకు లేకపోతే ఆఖరి మూడు నెలలు కలయికకు దూరంగా ఉండమంటారు, పెదవి మీద పొక్కులున్నా నోటితో కూడా వద్దంటారు. చెల్లికి మాత్రం 36వ వారం నుంచి కాన్పు దాకా ఎసైక్లోవిర్ అనే వైరస్‌ను అదుపు చేసే మాత్ర 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు వేసుకోమని రాశారు. నొప్పులు మొదలైనప్పుడు పుండ్లు గానీ, అవి రాబోయే ముందు వచ్చే మంట, చిమచిమ గానీ ఉంటే సిజేరియన్ చేస్తామన్నారు.

అంతా దారిలోనే ఉంది కదా, మరి కిట్ ఎందుకు కొన్నారంటే, సిగ్గు. అత్తగారికి తెలియకూడదు, మందుల షాపులో చీటీ ఎవరూ చదవకూడదు, ఆసుపత్రిలో నర్సులు గుసగుసలాడుకోకూడదు. ఈ భయాన్నే వాళ్లు అమ్ముకుంటున్నారు.

ఆ డబ్బా నేను చేతిలోకి తీసుకుని చూశాను. పైన ఆకుపచ్చ స్టిక్కర్, ‘నూరు శాతం హెర్బల్’ అని. దాని అంచు గోటితో లేపితే కింద ఇంకేదో కీళ్ల నొప్పుల మందు లేబుల్ కనిపించింది. తయారీ లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు. లోపల నల్లటి గుళికలు, ఒక సీసాలో ఘాటు వాసన కొట్టే నూనె. ఇలాంటి ఊరూపేరూ లేని గుళికల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది.

వాళ్లు నమ్మించే తీరు కూడా తెలుసుకోండి. ‘15 రోజుల్లో పొక్కులు మాయం’ అంటారు. తిరిగి వచ్చే హెర్పిస్ పొక్కులు ఏ మందూ వాడకపోయినా మామూలుగా వారం, పది రోజుల్లో వాటంతట అవే ఎండిపోతాయి. వైరస్ మాత్రం నరాల మొదళ్లలో దాక్కుని ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేసే మందు ప్రపంచంలో ఇంతవరకు లేదు. ఇంకొకటి, ఐజీఎం అనే రక్తపరీక్ష చేయించి ‘ఐజీఎం నెగెటివ్ వచ్చింది, నయమైపోయింది’ అని రిపోర్టులు చూపిస్తారు. హెర్పిస్ విషయంలో ఆ పరీక్షను నమ్మలేం. పొక్కు నుంచి దూదిపుల్లతో స్వాబ్ తీసి, అందులో వైరస్ ఉందో లేదో నేరుగా చూసే పీసీఆర్ పరీక్షే గట్టిది.

అన్నింటికంటే ఘోరం, ‘ఆ ఇంగ్లీషు మాత్రలు వేడి చేస్తాయి, మొదలుపెట్టొద్దు. కాన్పప్పుడు డాక్టర్‌కు కూడా ఏమీ చెప్పకండి, అనవసరంగా కోసేస్తారు’ అని ఆ కిట్ అమ్మినవాడు అన్నాడు. చెల్లి మాత్రలు మొదలుపెట్టనే లేదు. నూనె రాసిన చోట చర్మం ఎర్రగా కమిలింది. 38వ వారంలో నొప్పులతో పాటే ఆ పాత చిమచిమ కూడా మొదలైంది. లేబర్ రూమ్‌లో డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. వెంటనే సిజేరియన్ చేశారు. పాప బాగుంది. తనే గనక నోరు విప్పకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పసిబిడ్డకు ఈ వైరస్ మెదడుకు ఎక్కితే 21 రోజులు సెలైన్‌లో ఎసైక్లోవిర్ ఎక్కించాలి, అప్పటికీ కొందరు బిడ్డలు దక్కరు.

మరిది డబ్బు వెనక్కి అడగడానికి వెళితే, సీలు తీశారు కాబట్టి కుదరదన్నాడు. గట్టిగా నిలదీస్తే, ‘గొడవ చేస్తే మీ ఇంటి విషయమే నలుగురికీ తెలుస్తుంది, ఆలోచించుకోండి’ అన్నాడు. మందులమ్మేవాడు మాట్లాడాల్సిన మాటేనా అది? సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మేం ప్రకటన స్క్రీన్‌షాట్లు, ఫోన్‌పే రసీదు జతచేసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసిచ్చాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేశాం. మీ దగ్గర కూడా రసీదులుంటే పారేయకండి, ఫిర్యాదులు ఎక్కువైతేనే కదులుతారు.

ప్రైవేటులో చెప్పుకోవడానికి మొహమాటమైతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లు ఉంటాయి, ఉచితంగా చూస్తారు, వివరాలు బయటపెట్టరు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. ఎసైక్లోవిర్ గర్భిణులకు ఏళ్ల తరబడి ఇస్తున్న మందు, జనరిక్ షాపుల్లో కూడా దొరుకుతుంది.

ఇప్పటికే ఆ కిట్ వాడుతున్నవాళ్లు ఉంటే, వెంటనే ఆపి, డబ్బాతో సహా మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాన్పు అయిపోయినవాళ్లు మొదటి ఆరు వారాలూ బిడ్డను కనిపెట్టుకుని ఉండండి. ఒంటి మీద నీటి పొక్కులు, జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, తల్లికి హెర్పిస్ ఉందని అక్కడ ముందే చెప్పండి.