మక్క రైతుకు ఏది మేలు: ఇథనాలా, ఖాతాలో డబ్బా, కొనుగోలు కేంద్రమా?

మొన్న ఉప్పల్‌లో పెట్రోల్ కొట్టిస్తుంటే పంపు మీద ఈ20 (మక్కల నుంచి కూడా తీసే ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్) స్టిక్కర్ చూసి మా చిన్నాయన అడిగాడు: "ఇండ్ల మన మక్కలు కూడా ఉన్నయా బిడ్డా?" ఉండొచ్చన్నాను. "మరి రేటేది?" అన్నాడు. ఆయన కామారెడ్డి వైపు సొంతంగా మూడెకరాలు, కౌలుకు ఇంకో రెండెకరాలు మక్క వేస్తాడు.

మక్కను ఇంధనంగా మార్చి ఓట్లు రాబట్టుకోవడంలో అమెరికాలోని అయోవా రాష్ట్రానిది పెద్ద అనుభవం. 1972 నుంచి అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక అక్కడి కాకస్‌లతోనే, అంటే పార్టీల వాళ్లు ఊరూరా కూడి తమ అభ్యర్థిని ఎంచుకునే సమావేశాలతోనే, మొదలయ్యేది. 2024లో డెమోక్రాట్లు ఆ వరస మార్చారు గానీ, అప్పటిదాకా వైట్‌హౌస్ మీద ఆశ ఉన్నవాళ్లు చాలామంది ముందు అయోవా వెళ్లి ఇథనాల్‌కు జై కొట్టాల్సిందే. మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ 2010లో ఈ సంగతి ఒప్పుకున్నాడు: ఇథనాల్ పన్ను రాయితీని బలపరచడం పొరపాటేనని, అయోవా రైతుల మీద అభిమానం, తాను అధ్యక్ష పదవికి పోటీ చేయబోతుండటం కూడా అందుకు కారణాలని చెప్పాడు. ఇథనాల్ సబ్సిడీని వ్యతిరేకించిన రిపబ్లికన్ నేత మెకెయిన్ 2000లో అయోవా జోలికే పోలేదు. 2016లో అదే పార్టీ నేత టెడ్ క్రూజ్ ఇథనాల్ తప్పనిసరి నిబంధన వద్దన్నాడు. అతన్ని ఓడించాలని గవర్నరే బహిరంగంగా చెప్పినా, అయోవాలో గెలిచింది క్రూజే. అంటే నాయకుల్లో ఉన్న భయమంత ఓటు అక్కడ లేదన్నమాట.

అసలు గమనించాల్సింది వేరే ఉంది. గాలన్‌కు 45 సెంట్ల పన్ను రాయితీ ఖజానా లెక్కల్లో కళ్లకు కనబడేది. 2011 చివరికి అది పోయింది. 2005లో తెచ్చి 2007లో పెంచిన నిబంధన మాత్రం నిలిచింది. పెట్రోల్‌లో ఇంత కలపాల్సిందేనని కంపెనీలకు చెప్పేది అది. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఎక్కడా రాదు, పంపు దగ్గర జనం మీద పడుతుంది. ఏ నాయకుడికైనా అంతకంటే హాయి ఏముంటుంది?

మన దగ్గరా అదే దారి. 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. మక్క ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయలు ఖాయం చేశారు. టన్ను మక్కకు సుమారు 380 లీటర్లు వస్తుంది. అంటే క్వింటాలు మీద ఫ్యాక్టరీ చేతికొచ్చేది దాదాపు 2,730 రూపాయలు. మిగిలిన పిప్పి దాణాకు అమ్ముకుంటే అది అదనం. విద్యుత్తు, ఎంజైములు, జీతాలు అందులోంచే పోవాలి, కాదనను. కానీ గ్యారంటీ ఉన్నది ఫ్యాక్టరీ అమ్మే ధరకు. రైతు అమ్మే ధరకు లేదు. 2023 డిసెంబరులో చెరకు రసం ఇథనాల్‌కు పగ్గాలు వేసినప్పుడు మక్కకు గిరాకీ పెరిగింది. దాణాలో సగానికి పైగా మక్కే కాబట్టి హైదరాబాద్ చుట్టూ ఉన్న కోళ్ల ఫారాల వాళ్లు లబోదిబోమన్నారు, విదేశాల నుంచి మక్క దిగింది. 2025 వానాకాలం పంటకొచ్చేసరికి మద్దతు ధర 2,400 అయితే బయట మార్కెట్ దానికి చాలా కిందికి పడింది. ఫ్యాక్టరీలు ఉన్నాయి, రేటు లేదు.

అయోవాలో చాలా ఇథనాల్ ప్లాంట్లలో రైతులకే వాటాలున్నాయి, అందుకే ప్లాంటు అంటే ఓటు. ఇక్కడ నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఊళ్లే రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించాయి. రైతుకు వాటా లేని ఫ్యాక్టరీ నుంచి ఊరికి మిగిలేది వాసన, నీళ్ల భయం.

ఖాతాలో డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. 2018 మేలో రైతుబంధు, ఎకరాకు పంటకు 4,000. అదే డిసెంబరులో కేసీఆర్ గెలిచారు. 2023లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఎన్నికల సంఘం పంపిణీ ఆపింది, ఆ ఎన్నికల్లో ఆయన ఓడారు. ఇప్పుడు రైతు భరోసా, ఎకరాకు ఏడాదికి 12,000. మధ్యలో ఎవరూ మింగలేరు, అది దాని గొప్ప. కానీ చిన్నాయన కౌలు చేసే రెండెకరాల డబ్బు కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉండే పట్టాదారు ఫోనుకు మెసేజ్‌గా వస్తుంది.

ఆ డబ్బుతో ఓటు ఖాయమనుకునేవాళ్లు 2019లో నిజామాబాద్‌ను చూడాలి. రైతుబంధు పడుతూనే ఉంది. అయినా 178 మంది రైతులు పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నామినేషన్ వేశారు. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. వాళ్లు అడిగింది రేటు.

అందుకే నా ఓటు కొనుగోలు కేంద్రానికే. గోనె సంచులు దొరకవు, డబ్బు ఆలస్యమవుతుంది, అయినా అక్కడ ధర కాగితం మీద ఉంటుంది. ఇథనాల్ వద్దనను. మద్దతు ధర ఇచ్చినట్టు రసీదు చూపిస్తేనే ఫ్యాక్టరీకి ఆ 71.86 ఇవ్వాలంటాను.

ఇదంతా చెబితే చిన్నాయన నవ్వాడు. పోయినసారి కేంద్రంలో మిషన్‌లో గింజలు పోస్తే తేమ 17 చూపించిందట. 14కు రావాలి. "నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబోసిన. మూడో రోజు రాత్రి వాన పడ్డది" అన్నాడు.