‘నొక్కే స్వేచ్ఛ’ నేర్పిన యాప్: పద్నాలుగు నెలల తరువాత

మొదటి నెలలో ఈ ఇంగ్లిష్ పదాల యాప్‌కు ఐదు స్టార్లు ఇచ్చాను. అప్పుడు అబద్ధం చెప్పలేదు. ముందు ఇంగ్లిష్ మాట, తిప్పితే వెనుక తెలుగు అర్థం, అన్నీ అలాంటి కార్డులే. తప్పు చెప్పిన మాట మర్నాడే ఎదురవుతుంది, సరిగా చెప్పినది నాలుగు రోజులకో పది రోజులకో పలకరిస్తుంది. నెట్ అక్కర్లేదు కాబట్టి పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్ళే బస్సులో సిగ్నల్ పోయినా నా చదువు ఆగలేదు. జర్నలిజం ప్రవేశ పరీక్ష కోసం, మీడియా మాటల కట్ట ఉందని చూసే చందా కట్టాను.

నా గొడవంతా తెలుగు అర్థాలతో. ‘ఫ్రీడమ్ ఆఫ్ ద ప్రెస్’ కార్డు తిప్పితే వెనుక ‘నొక్కే స్వేచ్ఛ’ అని ఉంది. మీట నొక్కడం అనుకుంది కాబోలు యంత్రం. పైకి చదువుతుంటే, పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మామ్మ తలెత్తి, “ఎవరి గొంతు నొక్కడానికే?” అని అడిగింది. పత్రికలదన్నాను. “దానికి మళ్ళీ స్వేచ్ఛ ఒకటి ఇవ్వాలా?” అని తన పనిలో పడింది.

ఫలానా విషయం మీద నోరు విప్పొద్దని కోర్టు ఇచ్చే గ్యాగ్ ఆర్డర్ ‘వాంతి ఆదేశం’ అయింది. ఊళ్ళ నుంచి వార్తలు పంపే స్ట్రింగర్ ‘తీగలు కట్టేవాడు’ అయ్యాడు. వీటితో ప్రమాదం లేదు, నవ్వుకుని దిద్దుకుంటాం. నన్ను ముంచినవి నవ్వు రానివి. లైబెల్‌కూ స్లాండర్‌కూ ఒకటే అర్థం, ‘పరువు నష్టం’. రాసి పరువు తీస్తే మొదటిది, నోటితో తీస్తే రెండోది. మన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఆ రెండింటినీ ఒకే గాట కట్టింది కనుక నాకు అనుమానమే రాలేదు. సెన్సార్, సెన్షర్ రెండింటికీ ‘నిషేధించు’ అనే ఉంది. బరంపురంలో మాదిరి ఇంటర్వ్యూకు కూర్చుని, 1975 ఎమర్జెన్సీలో ప్రభుత్వం పత్రికలను సెన్షర్ చేసిందని మూడుసార్లు ధీమాగా చెప్పాను. మాస్టారు ఓపికగా విని, “అంటే మందలించి వదిలేసిందా అమ్మా?” అన్నారు. ఐదు నెలలుగా ఆ కార్డుకు ‘వచ్చు’ అని నొక్కుతూనే ఉన్నాను. తప్పును అంత గట్టిగా నాటింది కూడా నేను మెచ్చుకున్న ఆ పద్ధతే.

ఒడియాకు మార్చి చూశాను. అక్కడి అర్థాలు మనిషి రాసినట్టు శుభ్రంగా ఉన్నాయి. బడిలో నాది ఒడియా మాధ్యమమే. కానీ పత్రికా స్వేచ్ఛను వాళ్ళు ‘సంబాదపత్రర స్వాధీనతా’ అంటారు. ఇంట్లో తెలుగు విని పెరిగిన చెవికి, ఎవరో వచ్చి పత్రికను స్వాధీనం చేసుకున్నట్టే ఉంటుంది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం ఆ పనే చేయనిచ్చింది: ముందు జామీను అడగడం, ఆ తరువాత అచ్చు యంత్రాలు పట్టుకుపోవడం. ఇంగ్లిష్ పత్రికల జోలికి మాత్రం పోలేదు. వినపడిన తప్పుడు అర్థం వల్లే ఆ చట్టం నాకు గుర్తుండిపోయింది.

అర్థాలను మనమే తిరగరాసుకునే వీలుందని తెలిశాక యాప్ మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. అరవై కార్డులు దిద్దాను. ‘ప్రెస్ ఫ్రీడమ్’ వెనుక, ‘రాజ్యాంగంలో ఈ పేరుతో లేదు, 19(1)(ఎ)లోని వాక్ స్వాతంత్ర్యంలోనే ఇమిడి ఉంది’ అని రాసుకున్నాను. జనవరిలో అప్‌డేట్ వచ్చింది. మర్నాడు బస్సులో కార్డు తిప్పితే, నా వాక్యం పోయి మళ్ళీ ‘నొక్కే స్వేచ్ఛ’! అరవైలో ఒక్కటీ మిగలలేదు. ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు వచ్చింది.

ఇంగ్లిష్ మాటకు ఇంగ్లిష్‌లోనే అర్థం చదవగలిగేవారికి, పక్కన అడగడానికి మనిషి ఉన్నవారికి ఇవేవీ అడ్డు కాకపోవచ్చు. మా ఊళ్ళో నాకు ఆ మనిషి లేడు. అయినా చందా జూన్ దాకా ఉంది, బస్సులో ఇంకా తిప్పుతూనే ఉన్నాను. అర్థాలు మాత్రం రెండు రూళ్ళ నోటుపుస్తకంలో ఉన్నాయి, దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయలేరు.